స్తంభానికి ఆ పక్క

మా నాన్న లొవ్రో పదిహేడేళ్ల పాటు సగం ఆటే చూశాడు. ఇది వెటకారం కాదు. సరస్సు ఒడ్డున ఉన్న మా క్లీవ్‌లాండ్ స్టేడియంలో పైకప్పును మోయడానికి వరసగా ఇనప స్తంభాలు ఉండేవి. వాటిలో ఒకటి సరిగ్గా నాన్న సీటు ముందే ఉండేది, పీపా అంత లావున. ఆయన సీటు నంబరు పదకొండు. అక్కడ కూర్చుంటే మైదానంలో ఎడమ సగం శుభ్రంగా కనిపిస్తుంది. మధ్య గీత దాటాక బంతీ లేదు, మనుషులూ లేరు, తుప్పు మీద పూసిన పచ్చ రంగు ఒక్కటే కనిపిస్తుంది.

పన్నెండో సీటు గేజా అనే హంగేరీ ఆయనది. ఆయనకు కుడి సగం కనిపిస్తుంది, ఎడమ సగం కనిపించదు. 1946లో, మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పుట్టిన ఏడాది, మొదటి ఆట రోజున నాన్న కుడి వైపు చూద్దామని అటు వంగాడు. అదే క్షణంలో గేజా ఎడమ వైపు చూద్దామని ఇటు వంగాడు. తలలు రెండూ ఠంగుమన్నాయి, ఇద్దరికీ బొప్పి కట్టింది.

“చూడు బాబూ, ఇలాగైతే సీజన్ అయ్యేసరికి మనిద్దరికీ కొమ్ములు మొలుస్తాయి,” అన్నాడట గేజా. “నీ సగం నువ్వు చూడు, నా సగం నేను చూస్తా. ఎవరు చూసింది వాళ్లు చెబుదాం.”

అంతే, ఆ మాట మీద ఇద్దరూ పదిహేడేళ్లు కూర్చున్నారు. బంతి ఎడమ పక్క ఉన్నంతసేపూ నాన్న చెబుతాడు, గేజా వింటాడు. మధ్య గీత దాటగానే నాన్న నోరు మూసుకుని చెవి అటు పెడతాడు, గేజా అందుకుంటాడు. ఆట కాక వేరే మాట ఒక్కటి మాట్లాడుకున్న పాపాన పోలేదు. గేజా ఇల్లెక్కడో నాన్నకు తెలియదు. పెళ్లాం పిల్లలున్నారో లేదో తెలియదు. చేతులు తోలు వాసన వేస్తాయి కాబట్టి చెప్పులు కుట్టే పనేమో అని నాన్న అనుమానం. అడగలేదా అంటే, “ఆట మధ్యలో అవన్నీ ఎవరడుగుతారమ్మా,” అనేవాడు.

ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా ఆట మొత్తం మాకు చెప్పేవాడు. ఎడమ సగం తన గొంతుతో, కుడి సగం గేజా గొంతుతో. హంగేరీ వాళ్లు మాట మొదట్లో ఒత్తి, చివర్లో సాగదీస్తారు. నాన్న ఆ యాసను ఎంత బాగా పట్టాడంటే, మా అమ్మ వంటింట్లోంచి, “మళ్లీ ఆ హంగేరీ ఆయన్ని వెంటబెట్టుకొచ్చావా,” అని కేకేసేది. అలా నేను గేజాని ఒక్కసారైనా చూడకుండానే ఆయన గొంతు వింటూ పెరిగాను.

మా అమ్మకు ఆ ఆటంటే ఒళ్లు మంట. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తడం, పదకొండు మంది మీదపడి వాణ్ణి బురదలో కుక్కడం, ఇదొక ఆటా అనేది. నాదీ సగం అమ్మ బుద్ధే. కానీ నాన్న కొన్ని చెబుతుంటే మాత్రం నేను అన్నం తినడం ఆపి వినేదాన్ని.

“బంతి కుడి పక్కకి పోయాక ఎడమ పక్క ఏం జరుగుతుందో ఎవడూ చూడడు,” అనేవాడు. “డెబ్భై వేల మంది తలలూ అటే తిరిగిపోతాయి. నేను ఇటే చూస్తుంటా, నాకు ఉన్నది ఇదే కదా. పడిపోయినవాడు ఉంటాడు చూడు, వాణ్ణి పడగొట్టినవాడే వెనక్కొచ్చి చెయ్యిస్తాడు. అంతకుముందు క్షణం వాడి పక్కటెముకలు విరగ్గొట్టబోయినవాడు. అది నేనొక్కణ్ణే చూస్తానమ్మా. దేవుడూ నేనూ.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చర్చిలో కొవ్వొత్తి ముందు నిలబడినవాడి ముఖంలా ఉండేది. తీగల మిల్లులో నలభై ఏళ్లు పనిచేసిన మొరటు మనిషికి ఆ ముఖం ఎక్కణ్నుంచి వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు.

ప్రతి వసంతంలోనూ టికెట్ల ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చేది. పాత ఖాతాదారులకు ముందు అవకాశం, అడ్డం లేని చోటికి మారదలుచుకుంటే ఈ కాగితం నింపి పంపండి అని. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఉప్పు డబ్బా కింద పెట్టేవాడు. అది అక్కడే నానిపోయేది. తమాషా ఏమిటంటే, మిల్లులో భోజనాల దగ్గర ఆటలో ఏం మారిస్తే బాగుంటుందని అందరూ తలో మాటా అంటుంటే, నాన్న మాత్రం, “నాకు ఆ స్తంభం ఒక్కటి తీసేస్తే చాలు,” అనేవాడట.

1962 శరత్కాలంలో నాన్న కాఫీని కప్పు పక్కన పోయడం మొదలుపెట్టాడు. నేను పట్టుబట్టి కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. కళ్ల లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందన్నాడు ఆయన. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కన్ను పోతోంది. జనవరిలో ఆపరేషన్ చేస్తాం, నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే లేదు అన్నాడు. “ఈలోగా చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే చూసేయండి,” అని కూడా అన్నాడు. మంచివాడే, కానీ ఆ మాట వినగానే నేను నాన్నను లేవదీసి బయటికి తీసుకొచ్చాను.

ఆసుపత్రి మెట్ల మీద నాన్న ఆగాడు.

“ఒక్క ఆట,” అన్నాడు. “మన మైదానంలో. ఈ చివర నుంచి ఆ చివర దాకా. మధ్యలో ఏమీ అడ్డం లేకుండా. ఒక్కసారి చూడాలమ్మా.”

“బయటి ఊళ్లలో ఆడినప్పుడు టీవీలో చూస్తూనే ఉన్నావుగా నాన్నా.”

“అవి పరాయి మైదానాలు. మనది నేను సగమే చూశా.” ఇంకా చిన్న గొంతుతో అన్నాడు: “ఇప్పుడు ఆ సగం కూడా కనిపించట్లేదు. అంత దూరం నా చూపు ఆనట్లేదు. రెండు నెలల్నుంచి జనం అరుపులు విని, జరిగుంటుందనుకున్నది గేజాకి చెప్పేస్తున్నా. అబద్ధాలాడుతున్నా వాడితో.”

అమ్మ పోయినప్పుడు కూడా నాన్న నా ముందు అలా తల దించుకోలేదు.

దూరపు చూపు లేదు గనక స్టేడియంలో ఎంత మంచి సీటు ఇప్పించినా లాభం లేదు. టీవీ అయితే మూరెడు దూరంలో పెట్టుకుని చూడగలడు. కానీ ఊళ్లో ఆట ఉన్న రోజు ఊరి చుట్టూ డెబ్భై అయిదు మైళ్ల దాకా టీవీలో చూపించకూడదని లీగు వాళ్ల నియమం. ఇంట్లో ఆట చూపిస్తే టికెట్లు కొనరని వాళ్ల భయం. ఆ నియమాన్ని తిట్టని మనిషి మా ఊళ్లో ఉండేవాడు కాదు. అందుకని టికెట్టు దొరకని వాళ్లందరూ ఆదివారం పొద్దున్నే కార్లెక్కి, ఆ హద్దు దాటేదాకా పోయి, అక్కడి మోటెళ్లలో గదులు తీసుకునేవాళ్లు. పడమర వైపు పోయేవాళ్లకు ఫ్రీమాంట్ దాటాక ఒకే ఒక్క మోటెల్. దాని యాంటెన్నా చర్చి గోపురం కంటే ఎత్తు.

సీజన్లో సొంతూరి ఆట ఇంకొక్కటే మిగిలింది. నాన్న గేజాతో, వచ్చే ఆటకు బంధువుల పెళ్లి ఉంది, రావడం లేదు అని చెప్పొచ్చాడు.

“ఏమన్నాడు?” అన్నాను.

“సరే అన్నాడు. అంతే.” ఆ పూట భోజనం ముందు చాలాసేపు కూర్చున్నాడు గానీ ఏమీ తినలేదు. “వాడి సగం వాడికి ఉంటుందిలే. నా సగం ఎవరు చెబుతారు వాడికి?”

“రూడీ చెబుతాడు,” అన్నాను. రూడీ మా ఆయన. నాన్న టికెట్టు ఆయనకే ఇచ్చాం.

“నేను చెబుతా మావయ్యా, మీకేం బెంగొద్దు,” అన్నాడు రూడీ. ఆయనకు ఆట మధ్యలో సాసేజీలు అమ్మేవాడు తప్ప ఇంకేమీ కనిపించదని మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం మోటెల్ ముందు కార్లు పెట్టడానికి చోటు లేదు. మనుషులు బీరు డబ్బాలు, సాసేజీల గిన్నెలు, ముసలమ్మల కోసం మడత కుర్చీలు మోసుకుంటూ తీర్థానికొచ్చినట్టు వచ్చారు. యజమానురాలు మిసెస్ హోల్కమ్ చేతిలో తాళాల గుత్తితో నిలబడి, ఎవరు ఎవరితో సర్దుకోవాలో గదమాయిస్తోంది. మా ఇద్దరితో పాటు ఆరో నంబరు గదిలోకి లొరేన్ నుంచి వచ్చిన ఆర్విన్ అనే మంగలాయన్నీ, ఆయన భార్య నెటీనీ తోసింది. పల్చటి చెక్క గోడలు. ఏడో గదిలో ఎవరో దగ్గితే మా మంచం మీద దగ్గినట్టుంది.

నేను తెచ్చిన పొటీత్సా, వాల్‌నట్లు పెట్టి చుట్టిన తీపి రొట్టె, కోసి అందరికీ పెట్టాను. తినే నోళ్లు మాట్లాడక మానవు కదా, మారిస్తే ఏం మార్చాలనే పాత గొడవ మొదలైంది.

“చెరిసమానంగా ముగించడం ఆపెయ్యాలి,” అన్నాడు ఆర్విన్. “మూడు గంటలు చలిలో కూర్చుని, చివరికి ఎవరూ గెలవలేదంటే దేనికి? ఎవడో ఒకడు ఓడేదాకా ఆడించాలి.”

“ముందు ఆ గోలు కర్రలు వెనక్కి జరపమను,” అంది నెటీ. “సరిగ్గా గీత మీద పాతారు. మొన్న మన కుర్రాడు దానికి గుద్దుకుని మూతి పగలగొట్టుకున్నాడు. వాళ్లమ్మ చూస్తూ ఉంటుందని ఎవరికైనా ఉందా?”

“ఈ డెబ్భై అయిదు మైళ్ల నియమం పెట్టినవాణ్ణి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టండి. గడ్డం నేను గీస్తా,” అన్నాడు ఆర్విన్.

“అవన్నీ మార్చేస్తే ఇంకేం మిగుల్తుందండీ మీకు?” అన్నాను నేను.

నెటీ ఆలోచించింది. “బురద,” అంది. “శుభ్రంగా ఉతికిన చొక్కాలేసుకుని వస్తారు. అయ్యేసరికి ఎవడు మనవాడో ఎవడు వాళ్లవాడో తెలీదు. నాకదిష్టం.”

“మరి మీకో, పెద్దాయనా?” అన్నాడు ఆర్విన్.

“ఒక స్తంభం ఉంది,” అన్నాడు నాన్న. ఇంతలో టీవీలో మా మైదానం వచ్చింది.

నాన్న కుర్చీ లాక్కుని, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. కెమెరా నాన్న సీటు ఉన్న వైపు నుంచే చూపిస్తోంది. ఎడమ పక్క ఆయనకు తెలిసిన ఎడమ పక్కే. కుడి చివర మెల్లగా తెర మీదకు వచ్చింది, కప్పు లేని మెట్ల వరసలు, వాటి వెనక ఆకాశం, సరస్సు గాలికి నిటారుగా నిలబడిన జెండాలు. నాన్న చెయ్యెత్తి అద్దం మీద ఆ మూలను వేలితో తడిమాడు.

“గేజా చెప్పినట్టే ఉంది,” అన్నాడు. “అచ్చం వాడు చెప్పినట్టే.”

నేనూ మొదటిసారి నిండుగా చూశాను. నిజం చెబుతున్నాను, చూసి నోరు వెళ్లబెట్టాను. నలుపు తెలుపుల్లో, అరచెయ్యంత బొమ్మలో కూడా అది చిన్నదిగా లేదు. ఇరవై ఇద్దరూ వంగి, కదలకుండా, ఊపిరి బిగపట్టి ఉంటారు. ఆ నిశ్శబ్దం గదిలోకి కూడా వచ్చేస్తుంది. బంతి కదలగానే గోడలు కూలినట్టు మనుషులు మనుషుల్ని ఢీకొంటారు. అంత బరువైనవాళ్లు అంత తేలిగ్గా ఎలా తిరుగుతారు, ఎవరు ఎక్కడికి పోవాలో ఒక్క రెప్పపాటులో అందరికీ ఎలా తెలుస్తుంది. ఇన్నేళ్లూ అమ్మ మాట విని ఎంత పోగొట్టుకున్నానా అనిపించింది.

నాన్న మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. బంతి ఎడమ పక్క ఉన్నంతసేపూ, “ఇరవయ్యో గీత... మనవాడు ఆగాడు... వదిలాడు...” అని చెబుతాడు. కుడి పక్కకు పోగానే ఊరుకుంటాడు. ఆయనకు ఆ సంగతే తెలియదనుకుంటాను.

“ఆ పక్క గదిలో కూడా ఎవడో రేడియోలా వాగుతూనే ఉన్నాడు,” అని ఆర్విన్ విసుక్కున్నాడు. “ఊరికే చూడ్డం చేతకాదా మనవాళ్లకి?”

ఆఖరి భాగానికి వచ్చేసరికి మావాళ్లు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు; బంతిని అవతలి గోలు గీత దాటిస్తే ఆరు వస్తాయి. గడియారంలో రెండు నిమిషాలే ఉన్నాయి. బంతి మా ఇరవయ్యో గీత దగ్గర, ఎడమ కొసన. ముందుంది ఎనభై గజాల బురద; మధ్య గీత యాభై, అది దాటాక గజాల లెక్క మళ్లీ తగ్గుతూ పోతుంది. నెటీ జపమాల తీసింది.

బంతి మా పెద్ద పరుగు మనిషి చేతికిచ్చారు. అతను మొదట రెండడుగులు తీరిగ్గా వేశాడు, సందు కోసం వెతుకుతున్నట్టు. అంతలో సందు దొరికింది.

నాన్న కుర్చీలోంచి లేచాడు. “పోయాడు. ఒకణ్ణి విదిలించాడు. ముప్పయ్యో గీత. ఇంకొకడు భుజం మీద పడ్డాడు, జారిపోయాడు వాడు. నలభై. ఎవడూ లేడు ముందు. వస్తున్నాడు గేజా, నీ వైపు వస్తున్నాడు, మధ్య గీత, ఇక నీది. చెప్పు.”

అని ముఖం తెర మీద నుంచి తిప్పేశాడు. కుడి పక్కకు, అక్కడున్న ఉత్త చెక్క గోడ వైపు. కళ్లు మూసుకుని చెవి అటు పెట్టి నిలబడ్డాడు.

“నాన్నా, ఇటు చూడు, టీవీ చూడు,” అని నేను ఆయన చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. పదిహేడేళ్ల అలవాటు ఆ మనిషిని మేకు కొట్టినట్టు అక్కడే బిగించేసింది.

అప్పుడు గోడలోంచి మాట వచ్చింది.

“వచ్చాడు. నా వైపు వచ్చాడు. నలభై. ముప్పయ్యయిదు. ఒకడు కాళ్లు పట్టుకున్నాడు, వాణ్ణి ఈడ్చుకుంటూ పోతున్నాడు. ఇంకొకడు నడుం పట్టుకున్నాడు. ఇద్దర్నీ మోస్తున్నాడు లొవ్రో. ఇద్దర్నీ మోసుకుపోతున్నాడు. పదిహేను. పది. మోకాలు వంగింది, లేదు లేదు, పడలేదు. అయిదు. పడ్డాడు, గోలు గీత అవతలే పడ్డాడు.”

మాట మొదట్లో ఒత్తు, చివర్లో సాగదీత. నేను పుట్టింటి వంటింట్లో వింటూ పెరిగిన గొంతు. ఆర్విన్, నెటీ ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. నాన్న కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి, ముఖం మీద ఆ కొవ్వొత్తి వెలుగు ఉంది.

ఆయన కళ్లు తెరిచేసరికి తెర మీద మావాళ్లు గుంపుగా ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. అప్పట్లో జరిగినదాన్ని మళ్లీ తిప్పి చూపించేవాళ్లు కాదు. పోయింది పోయినట్టే.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “ఇంత దూరం వచ్చి దాన్నే చూడకుండా పోయావు కదా నాన్నా. ఇందుకేనా మనం వచ్చింది?”

“చూశాను కదమ్మా,” అన్నాడు నాన్న, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. పోయి గోడ మీద పిడికిలితో రెండుసార్లు కొట్టాడు.

అవతల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

ఆట అయ్యాక ఇద్దరూ వరండాలో ఎదురుపడ్డారు. గేజా పొట్టిమనిషి, నాన్న ఛాతీ దాకా వస్తాడు. ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చుని ముందుకు చూడటమే గానీ ఒకరి ముఖం ఒకరు ఇలా ఎదురుగా చూసుకున్నది లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇద్దరూ జేబుల్లో పెట్టుకున్నారు.

“పెళ్లి బాగా జరిగిందా?” అన్నాడు గేజా.

నాన్న ముఖం కందగడ్డ అయింది. “నువ్వు సీట్లో ఉండాలి కదా?”

“నువ్వు రానన్నావుగా. సగం ఆట చూడ్డానికి అంత చలిలో ఎందుకులే అని ఇటొచ్చా. టికెట్టు మా చర్చి ఫాదర్‌కి ఇచ్చా.”

“కళ్లు పోతున్నాయి గేజా,” అన్నాడు నాన్న. “అక్టోబరు నుంచి నీకు చెప్పిందంతా కల్పితం. నాకేం కనిపించలేదు.”

“తెలుసు.”

“తెలుసా?”

“నువ్వు పరుగు అంటావు, జనం అరుపేమో బంతి విసిరినట్టు ఉంటుంది. పదిహేడేళ్లయింది, ఆ మాత్రం తెలీదా నాకు?”

“మరి ఒక్క మాటైనా అనలేదేం?”

గేజా భుజాలెగరేశాడు. “నువ్వు చెబుతున్నావుగా. చాల్లే అనుకున్నా.”

నేను అటు తిరిగి కారు అద్దం తుడుస్తున్నట్టు నిలబడ్డాను. అద్దం శుభ్రంగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి రూడీ మండిపడుతున్నాడు. “ఆ స్తంభం వెనక ఏం కనిపించి చచ్చింది మావయ్యా? పక్కన ఫాదర్ గారట. నేను నా సగం చెబుతూనే ఉన్నా. ఆయన మాత్రం తన సగం చెప్పడే. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. మనం గెలిచామని నాకు బస్సులో తెలిసింది.” నాన్న అంతలా నవ్వడం నేను అంతకుముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

జనవరిలో ఆపరేషన్ జరిగింది. కన్ను నిలవలేదు. గదిలో దీపం ఉందో లేదో తెలుస్తుంది, అంతే. విషయం ఎలాగో టికెట్ల ఆఫీసులో ఎవరి చెవినో పడింది. ఈసారి అచ్చు కాగితం కాదు, చేత్తో రాసిన ఉత్తరమే వచ్చింది. ఇన్నేళ్లుగా వస్తున్న పెద్దమనిషి కాబట్టి, ఆయనకూ ఆయన స్నేహితుడికీ మా ఆటగాళ్లు నిలబడే చోటుకు వెనకాలే, అడ్డమన్నది లేని రెండు సీట్లు ఇస్తామని. చదివి వినిపించాను.

“వద్దని రాసెయ్,” అన్నాడు నాన్న.

“నాన్నా, నీకు ఎటూ ఒకటే. పాపం గేజా గారికైనా నిండుగా కనిపిస్తుంది కదా. నీ ఒక్కడి మొండితనానికి ఆయన ఆ తుప్పు గొట్టం ముందు ఎందుకు కూర్చోవాలి?”

“వాణ్ణి అడిగా. వాడూ వద్దన్నాడు. ఒకసారి వచ్చి చూడు నువ్వే,” అన్నాడంతే.

సెప్టెంబరులో మొదటి ఆటకు వాళ్ల వెనక వరసలో సీటు సంపాదించి కూర్చున్నాను. ఎండ బాగా ఉంది. సరస్సు గాలికి గడ్డి వాసన వస్తోంది. ఇప్పుడు రెండు సగాలూ గేజాయే చూడాలి. బంతి ఎడమ పక్క ఉంటే ఆయన స్తంభం దాటి చూడటానికి నాన్న మీదకు వంగుతాడు. పొట్టిమనిషి కాబట్టి పూర్తిగా ఒరిగిపోతాడు, భుజం నాన్న భుజానికి ఆనుకుంటుంది. కుడి పక్కకు పోతే లేచి తన చోట సర్దుకుంటాడు. చెబుతూనే ఉంటాడు, కానీ అందరూ ఒక్కసారి అరిచినప్పుడు ఆయన మాట నాకే వినిపించడం లేదు, నాన్నకు వినిపిస్తుందా అని నా బాధ.

మూడో భాగంలో మావాళ్లు ఎడమ కొసన ఉన్నారు. గేజా నాన్న మీద ఒరిగి ఉన్నాడు. బంతి తీసుకున్నది కిందటేడు పరుగెత్తిన ఆ మనిషే. సందు దొరికింది. డెబ్భై వేల మంది ఒక్క గొంతుతో లేచారు, చెవులు దిమ్మెక్కిపోయాయి. గేజా పెదాలు కదలడం మానేశాయి, ఆయన కూడా చెప్పడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను ముందుకు వంగి నాన్న చెవిలో చెబుదామనుకున్నాను.

అప్పుడు గేజా భుజం నాన్న భుజాన్ని వదిలి కుడి పక్కకు పోయింది.

“మధ్య గీత దాటాడు,” అన్నాడు నాన్న. ఎవరూ చెప్పకుండానే అన్నాడు. రెండు చేతులూ ఎత్తి, ముఖం సరిగ్గా ఆ స్తంభం వైపు పెట్టి, లేచి నిలబడ్డాడు.

అడ్డమన్నది లేని సీట్లలో కూర్చుని ఉంటే గేజా అటూ ఇటూ వంగవలసిన పనే ఉండేది కాదు.

మరుసటి వసంతంలో టికెట్ల ఆఫీసు ఉత్తరం మళ్లీ వచ్చింది. నాన్నకు చదివి వినిపించలేదు. మడిచి ఉప్పు డబ్బా కింద నేనే పెట్టాను.